సున్నం తిన్న వేళ్లు

కౌండిన్య నది పొంగి, గుడియాత్తం వంతెన మీద జనం చేపలు పట్టుకున్న ఏడాది అది. అప్పటికే వేలూరులో వీధికొక బ్రౌజింగ్ సెంటరు వెలిసింది. గోడలకు అద్దంలా మెరిసే సున్నపు పూత వేసే మేస్త్రి చిన్నరాజు ఆ ఉదయం చిన్న పని పెట్టుకున్నాడు. కూతురు మీనా చేత ఆంబూరు ఆసామికి ఈమెయిల్ కొట్టించి, సున్నం మచ్చు కొరియర్‌లో పంపాలి. అందులో కల్తీ లేదని తేలితేనే ఆసామి కొత్త బంగళా పని అతనికి దక్కుతుంది.

"తెల్లపొడి పంపతా ఉండాను, నచ్చితే ఎంత కావాల్నో చెప్పమని కొట్టమ్మా" అన్నాడు సెంటరులో కూతురి పక్కన కూర్చుని.

కంప్యూటర్లలో మత్తుమందు బేరాలు సాగుతున్నాయని పైనుంచి తాఖీదు రావడంతో, ఇన్‌స్పెక్టరు శివప్రకాశం మఫ్టీలో పక్క కుర్చీలోనే కాపు కాస్తున్నాడు. చటుక్కున చిన్నరాజు చేతిలోని మచ్చు పొట్లం లాక్కుని, విప్పి, వేలితో నాలుక్కి రాసుకున్నాడు. నాలుక భగ్గుమంది.

"అయ్యయ్యో! సరుకు శానా ఘాటయ్యా!" అన్నాడు కళ్లనీళ్లతో.

"సున్నం నాకితే మండదా అప్పా?" అన్నాడు చిన్నరాజు.

"నోర్ముయ్! అది ఫారెన్సిక్ వాళ్లు చెప్తారు."

స్టేషన్లో చిన్నరాజు వేళ్లకు సిరా పూసి కాగితం మీద అద్దించారు. నల్లటి మచ్చలు తప్ప ఒక్క గీతా పడలేదు. ఇన్‌స్పెక్టరు ఎగిరి లేచాడు.

"రేఖలే చెరిపేసుకున్నాడు! వీడు మామూలోడు కాదయ్యా!"

"మా నాయనకు కంప్యూటరు తాకేది కూడా తెలీదు సార్!" అంది మీనా.

"అదే వీడి తెలివి!"

చిన్నరాజుకు ఒళ్లు మండిపోయింది. "నా జన్మంతా సున్నం పిసికినాను. ఈ ఊర్లో నున్నంగా ఉండే గోడ ఏదన్నా తడిమి చూడు, నా గీతలు యాడికి పోయినాయో తెలస్తాది! కష్టం చేసి అరిగిన చేతికి సంకెలేస్తావా?"

మరునాటి సాయంత్రం ఫారెన్సిక్ ల్యాబు నుంచి గోమతి నివేదికతో వచ్చింది.

"అచ్చమైన సున్నం సార్. ఇంత కూడా కల్తీ లేదు."

"పొట్లం మీద వేలిముద్రలు?"

"ఒక్కరివే ఉండాయి."

"ఎవడు వాడు? ఇప్పుడే ఈడ్చుకొస్తా!"

"మీవే సార్."

నిన్నటి నుంచి బెంచీ మీదే ఉన్న చిన్నరాజు ఇన్‌స్పెక్టరుకు చోటిస్తూ కొంచెం పక్కకు జరిగాడు.

"ఇట్ల కూచో నాయనా. ఆ నివేదిక నకలు నా చేతికొచ్చేదాకా నేను మాత్రం లేచేది లేదు."

మర్నాడు ఉదయం అతను ఆంబూరు బస్సెక్కాడు. "కల్తీ లేదని ఎట్ల నమ్మేది?" అని ఆసామి అడగ్గానే సర్కారు కాగితం చేతిలో పెట్టాడు.

అందులో ఇన్‌స్పెక్టరు వేలిముద్రలున్న పుట మాత్రం ఇంట్లో భద్రంగా దాచి వచ్చాడు.