ఒంటిగంట దాకా

మదీనాగూడ కనకలక్ష్మి ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. మాదాపూర్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ కొత్త అంతస్తు పూజకు రెండు వందల మందికి పులిహోర దించి, పదకొండుకల్లా ఇల్లు చేరాలి. ఈ పూట గట్టెక్కితే అక్కడి రోజువారీ భోజనాల కాంట్రాక్టు ఆమెదే. అందుకే కూతురు హర్షిణి చేత కొలతలన్నీ కాగితం మీద రాయించింది. ఉప్పు మాత్రం ఎవరూ రాయలేదు. ఇరవై ఏళ్లుగా అది చేతికి తెలిసిన సంగతి. కాగితం చూసి వండిన రోజున చెయ్యి కాస్తా మరిచిపోయింది. నైవేద్యం కాబట్టి ఎవరూ రుచి చూడలేదు.

పూజయ్యాక మొదటి ముద్ద అడ్మిన్ మేనేజర్ శ్రీనివాసరావు నోట్లో పడింది. కింద గేటు దగ్గర ఖాళీ గిన్నెల కోసం కూర్చున్న కనకలక్ష్మికి ఫోన్ చేసి, ఉప్పు లేదు, సరుకు వద్దు, కాంట్రాక్టు మాట మరిచిపొమ్మన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది.

"ఒంటిగంట దాకా టైముంది సార్. అందాక తప్పుంటె సరిచేసుకునే హక్కు నాదని మీ ఆర్డర్ కాయితంలనే ఉంది. మీరు వద్దంటె ఆగేది గాదు."

"లోపలికి పాస్ ఇవ్వనండి," అన్నాడాయన.

ఆమె వెంటనే హర్షిణికి ఫోన్ చేసి, అదే కాగితం చూసి ఇంకో గంగాళం కలిపి తెమ్మంది. మేనేజర్‌ని తిట్టడానికి అయిదు నిమిషాలు పట్టింది. జరిగిన తప్పేమిటో చెప్పడానికి మాత్రం అభిమానం అడ్డొచ్చింది. పన్నెండుంపావుకు ఆటోలో గంగాళం దిగింది. సెక్యూరిటీ వాళ్లు కదలమంటే, ఒంటిగంట కొట్టేదాకా కదలనని దాని పక్కనే బైఠాయించింది.

పైన ఆకలి కేకలు మొదలయ్యాయి. అంతమందికి అప్పటికప్పుడు వండిపెట్టేవాళ్లు దొరకక, శ్రీనివాసరావు ఉన్న పులిహోరలోనే మూడు పాకెట్ల ఉప్పు కలిపించాడు. తిన్నవాళ్లు నీళ్ల కోసం పరుగెత్తారు. పన్నెండున్నరకు ఆయనే కిందికి దిగాడు.

"పాస్ ఇస్తానండి. ఆ హక్కేదో కాస్త త్వరగా వాడుకోండి."

"ఇగ తొవ్వకొచ్చిండ్రు."

పూజ అయిపోయింది కదా అని ఈసారి క్యాంటీన్లో రుచి చూసింది. కొత్తదీ చప్పిడే. పక్కనే ఉన్న, మేనేజర్ ఉప్పు కలిపించిన పులిహోర చిటికెడు నోట్లో వేసుకుంది. ఉప్పు కషాయం. మొహంలో ఏమీ కనపడనీయకుండా రెండూ ఒకే గంగాళంలోకి వొంపి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపింది. ఒంటిగంటకు అయిదు నిమిషాలుండగా వడ్డన మొదలైంది. జనం మారు అడిగి మరీ తిన్నారు.

"ఎలా కుదిరిందండీ?" అన్నాడు శ్రీనివాసరావు, వేళ్లు నాకుతూ.

"మీరు చెడగొట్టింది గూడ నేనే సరిచేసిన. యాద్ పెట్టుకోండ్రి."

సాయంత్రానికి కాంట్రాక్టు మీద సంతకాలయ్యాయి. భోజనం అన్న మాట పక్కన శ్రీనివాసరావు తన పెన్నుతో రెండు ముక్కలు చేర్చాడు: ఉప్పుతో సహా.