పళ్లెమంత మచ్చ

విద్యాసాగర్ ఆ పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే: అశోక్‌నగర్‌లో తన ఇంటి ముందున్న గడ్డిలో కుర్చీ వేసుకుని చాయ్ తాగడం. రెండు మంచాలు వేస్తే నిండిపోయే ఆ జాగాను ఆయన లాన్ అంటారు, ఆయన భార్య మనోరమ పార్కింగ్ అంటారు. బ్యాంకులో రిటైరైన నాటి నుంచి రోజూ సాయంత్రం దానికి నీళ్లు పట్టందే ఆయనకు ముద్ద దిగదు.

కుర్చీ వేయబోతే గడ్డి మధ్యలో పళ్లెమంత గుండ్రటి గోధుమరంగు మచ్చ కనిపించింది. దాని మీద తెల్లటి సాలెగూడు. సాలీడు మాత్రం ఎంత వెతికినా లేదు. ఇదేం చోద్యమని ఆయన భూతద్దం తెచ్చేలోగా మనోరమ చీపురు తెచ్చి, వాకిలితో పాటు గడ్డినీ బరబరా ఊడ్చేశారు. ఆ తర్వాత ఒక్క మచ్చ కాస్తా నాలుగైంది.

"ఆదివారం దాకా చూస్త. పచ్చగైతే సరే, లేకుంటె మేస్త్రీ పీరయ్యను పిలిచి టైల్స్ ఏపిస్త" అన్నారు మనోరమ. పై గదిలో కిరాయికి ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న కరుణాకర్ బండి వీధిలో తడుస్తోందని ఆమెకు ఎప్పటి నుంచో దిగులు.

విద్యాసాగర్ పిడికెడు గడ్డిని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని నారాయణగూడలో పురుగుమందుల దుకాణానికి పరుగెత్తారు. దుకాణదారు ఎన్ని ఎకరాలని అడిగాడు. రెండు మంచాలంత అని ఈయన చెప్పారు. అతను నవ్వాపుకుని ఒక పొడి ప్యాకెట్ ఇచ్చాడు.

"ఇది సాలెగూడు కాదు సార్, బూజు తెగులు. మందు కొట్టున్రి గని, సాయంత్రం నీళ్లు బంద్ చెయ్యాలె. రాత్రంత తడిగుంటెనే ఇది పెరుగుతది."

అంటే రోగం తెచ్చింది తన చేతి పైపే! ఇది మనోరమకు తెలిస్తే జన్మంతా వినాలి. అందుకని ఇంట్లో మందు సంగతి చెప్పి, నీళ్ల సంగతి మింగేశారు. మందు కొట్టి, పైపు చుట్టి పక్కన పడేశారు.

తెల్లారి చూస్తే గడ్డి నిండా నీళ్లు. మందంతా కొట్టుకుపోయింది. మళ్లీ కొట్టారు, మళ్లీ అదే తడి. మచ్చలు ఒకదానితో ఒకటి కలిసి చాపంత అయ్యాయి. పక్కింటి దమయంతి గారు దిష్టి అన్నారు, బూడిద గుమ్మడికాయ కట్టించారు. ఆ ఆవరణలో ఆరోగ్యంగా ఉన్నది అదొక్కటే.

విద్యాసాగర్ బుర్రలో లెక్క తేలింది. గడ్డి పోతే లాభం ఎవరికి? టైల్స్ కావలసిన భార్యకు, బండి ఉన్న కిరాయిదారుకు. ఇద్దరూ కూడబలుక్కున్నారు! ఆ కోపంలో ఆయన కరుణాకర్‌ను పలకరించడం మానేశారు, మనోరమ ఇచ్చిన చాయ్ చల్లారబెట్టారు. శనివారం సాయంత్రం ఇందిరా పార్కుకు వాకింగ్‌కని చెప్పి బయలుదేరి, సందు చివరి నుంచే వెనక్కి వచ్చి గేటు ముందు ఆగి ఉన్న స్కూటర్ చాటున నక్కారు.

ముందు కరుణాకర్ పిల్లిలా దిగి, బకెటెడు నీళ్లు గడ్డి మీద కుమ్మరించాడు. అతను మెట్లెక్కక ముందే మనోరమ పైపు పట్టుకొచ్చారు. ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ బిత్తరపోయారు. ఇంతలో స్కూటర్ వెనక నుంచి విద్యాసాగర్ లేచారు.

"మీరు మర్చిపోతున్నరేమో అనుకున్న అంకుల్. చెప్తె ఫీలైతరని..." అని నసిగాడు కరుణాకర్.

మనోరమ పైపు కింద పడేశారు. "ఇన్నేండ్ల సంది నీళ్లు పట్టని దినం లేదు మీకు. పైపు పక్కకు పడేస్తిరి, నాతోని మాట్లాడ్తలేరు. నా టైల్స్ మాటకే మీ మనసు ఇరిగిందనుకున్న. టైల్స్ ఎవనిక్కావాలె?"

విద్యాసాగర్‌కు సిగ్గు ముంచుకొచ్చింది, దాని వెనకే కళ్లలో నీళ్లు. దుకాణదారు అన్న మాట అక్షరం పొల్లుపోకుండా ఒప్పుకున్నారు. మనోరమ నవ్వారు. ఆ నవ్వు మరో పదేళ్లు వినపడుతుందని ఆయనకు అర్థమైంది.

ఆదివారం పీరయ్య టైల్స్ నమూనాలు పట్టుకొచ్చాడు. దసరా దాటినాక చూద్దామని మనోరమే పంపేశారు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో గడ్డి మీద ఎవరికి జాలి కలిగినా పొద్దున పూటే కలగాలని నియమం.