జూనియర్ అనసూర్య ఫైళ్లు, సీనియర్ అనసూర్య దరఖాస్తు

మనిషికి జన్మలెన్ని అనే విషయంలో పండితులు ఇంకా ఒక మాట మీదికి రాలేదు గానీ, ఆఫీసు కంప్యూటరుకు ఆ సందేహం ఏనాడూ లేదు. యూజర్ ఐడీ మారితే మనిషి మారినట్టే. పాత జన్మ పాపపుణ్యాలు కొత్త జన్మలోకి వెంట వస్తాయేమో తెలియదు. డెస్క్‌టాప్ మీది ఫోల్డర్లు మాత్రం రావు.

బెల్లంపల్లిలోని పర్యవేక్షణల సమన్వయ కార్యాలయంలో పనిచేసే అనసూర్యకు ఈ సత్యం ప్రమోషన్ రూపంలో బోధపడింది. (ఆ కార్యాలయం పర్యవేక్షణలను సమన్వయం చేస్తుంది. అంతకుమించి వివరం కావాలన్నవారిని కరీంనగర్ ప్రధాన కార్యాలయానికి పొమ్మంటారు.) శనివారం సాయంత్రం దాకా ఆమె జూనియర్ అసిస్టెంటు. సోమవారం పొద్దున సీనియర్ అసిస్టెంటు. కొత్త హోదాతోపాటు కొత్త ఐడీ, కొత్త మెయిలు ఇచ్చారు. పాస్‌వర్డు కొట్టగానే తెర మీద ఒక పచ్చని కొండ, దాని వెనక ఆకాశం కనిపించాయి. ఇంకేమీ కనిపించలేదు.

సర్క్యులర్లు పోయినందుకు ఆమె బాధపడలేదు. వాటిని ఎవరూ అడగరని అనుభవం మీద తెలుసు. ఆమె వెతికింది ‘బాపు’ అనే ఫోల్డరును.

బాపు అంటే ఆమె తండ్రి ముత్తయ్య. బొగ్గుబాయిలో, భూమి లోపల పనిచేసి రిటైరైన మనిషి. అక్కడి యంత్రాల చప్పుళ్ల మధ్య మాట వినబడాలంటే అరవాల్సిందే కాబట్టి, ఇంటికొచ్చి పచ్చడి అడిగినా క్వార్టర్ల వరుసంతా వినబడేలా అడిగేవాడు. నిరుడు గొంతులో గడ్డ తేలింది. స్వరపేటిక తీసేస్తేనే మనిషి దక్కుతాడన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు ముందు అనసూర్య రోజూ తండ్రిని మంచం మీద కూర్చోబెట్టి, ఏదో ఒకటి మాట్లాడమని ఫోనులో రికార్డు చేసింది. ఫోను నిండిపోతే ఆఫీసు కంప్యూటరులోకి ఎక్కించింది. జాగ్రత్త కోసం ఆఫీసు మెయిలులో కూడా దాచింది. (ఆఫీసులో ఉన్న వస్తువు ఎక్కడికీ పోదని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు.) ఆపరేషన్ బాగా జరిగింది. మనిషి దక్కాడు, గొంతు దక్కలేదు. ఇప్పుడు ఏం కావాలన్నా స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టి పిలుస్తాడు.

“బిడ్డా, మీ బాపు మాట్లాడినయి ఇంటికి తెస్తనంటివి గదా. జర ఇనవెట్టవే,” అని తల్లి సత్తవ్వ అడుగుతూనే ఉంది. రేపు తెస్తానని అనసూర్య అంటూనే ఉంది. ఆ రేపటికి ముందే ప్రమోషన్ వచ్చింది.

ఉద్యోగుల కష్టాలు చిటికెలో తీర్చడానికి వాళ్ల కార్యాలయానికి ‘చిటికె’ అనే యాప్ ఉంది. అనసూర్య అందులో ఫిర్యాదు నమోదు చేసింది. పాత ఖాతా ఆమెదేనని నిర్ధారించుకోవడానికి యాప్ ఒక ఓటీపీ పంపింది, పాత మెయిలుకు. పాత మెయిలు తెరుచుకోవడం లేదని ఇంకో ఫిర్యాదు చేసింది. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది: ‘మీ సమస్య పరిష్కరించబడినది. వివరములు మీ పాత మెయిలుకు పంపబడినవి.’

ఇక లాభం లేదని కరీంనగర్‌కు ఫోన్ చేసింది. ఖాతాల విభాగం సూపరింటెండెంటు సిద్దిరాములు ఎత్తాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, ఎవరి మీదా గొంతు పెంచడని పేరు.

“సార్, బెల్లంపల్లి నుంచి అనసూర్యను. పాత ఐడీల ఫైళ్లున్నయి సార్. అవి గావాలె.”

“ఎవరి ఫైళ్లు మేడం?”

“నావే సార్.”

“మీరు సీనియర్ అసిస్టెంటు గదా. గా ఫైళ్లు జూనియర్ అసిస్టెంటువి. ఒకరివి ఇంకొకరికి ఎట్లిస్తం?”

“ఆ జూనియర్‌ను నేనే సార్.”

“అది నాకెరుకే మేడం. సిస్టంకు ఎరుక లేదు.”

అయినా ఆయన దారి చూపించాడు. జూనియర్ అనసూర్య సీనియర్ అనసూర్యకు బాధ్యతలు అప్పగించినట్టు ఒక కాగితం రాసి, ఇద్దరూ సంతకాలు పెడితే సరిపోతుంది. అనసూర్య రెండు చోట్లా సంతకం పెట్టి పంపింది. కాగితం అభ్యంతరంతో తిరిగొచ్చింది. రెండు సంతకాలు ఒకే తీరుగా ఉన్నందున ఒకరి సంతకం మరొకరు చేసి ఉండవచ్చునని అనుమానం. ఈసారి ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లిషులో చేసింది. ఇద్దరూ వేర్వేరు మనుషులని రుజువు కావడంతో బదిలీకి అనుమతి దొరికింది.

సర్క్యులర్లన్నీ వచ్చాయి. ‘బాపు’ రాలేదు.

“అవి పర్సనల్ ఫైళ్లు మేడం,” అన్నాడు సిద్దిరాములు. “ఆఫీసు కంప్యూటర్ల పర్సనల్ ఫైళ్లు ఉండవని రూలున్నది. లేనిదాన్ని ఎట్ల పంపుతం?”

“మరి ఉన్నయి గదా సార్.”

“ఉన్నయి. నెలాఖరుకు పాత ఖాతాలన్నీ తుడిచేస్తరు. గప్పుడు ఉండవు.”

అవి ఏం ఫైళ్లని ఆయనే అడిగాడు. చెప్పింది. ఫోనులో నిబంధనల పుస్తకం పేజీలు తిరగేసిన చప్పుడు వినబడింది. తర్వాత, గొంతు ఎవరిదో ఆ స్వరదారుణ్ని స్వయంగా తీసుకొస్తే పరిశీలించే వీలుందని చెప్పాడు. (ఖాతా ఉన్నవాడు ఖాతాదారుడైతే, స్వరం ఉన్నవాడు స్వరదారుడు. స్వరం లేనివాడికి ఇంకా పదం తయారు కాలేదు.)

మర్నాడు తండ్రీకూతుళ్లు కరీంనగర్ బస్సెక్కారు. ముత్తయ్య తెల్ల చొక్కా తొడుక్కుని, గొంతు మీది రంధ్రం కనబడకుండా రుమాలు చుట్టుకున్నాడు. సిద్దిరాములు వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, పాత ఖాతా తెరిచి, మొదటి ఫైలు నొక్కాడు.

“ఏం మాట్లాడాలె బిడ్డా? సరే, ఇను. నేను మొదటిసారి బాయిల దిగిననాడు నా కాళ్లు ఒణికినయి. పక్కోనికి తెల్వకుండ గోడ వట్టుకొని నడిచిన. ఇంటికచ్చినంక, పని ఎట్లున్నదని మీ అవ్వ అడిగితె, మంచిగనే ఉన్నదన్న. గిప్పటిదాంక దానికి చెప్పలే.”

గదిలో అందరూ తలలెత్తారు. అంత గట్టి గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియక ఒకాయన కిటికీలోంచి బయటికి చూశాడు. ముత్తయ్య మాత్రం ఆ చిన్న స్పీకరునే చూస్తున్నాడు, ఎప్పుడో విడిపోయిన జోడీదారు ఎదురైనట్టు.

సిద్దిరాములు ఆపాడు. “అన్నా, గిది నీ గొంతేనా?”

ముత్తయ్య తలూపాడు.

“తలూపితె నడ్వదే అన్నా. ‘ఇది నా గొంతే’ అని సొంత గొంతుతోని చెప్పాలె. గదాన్ని రికార్డు జేసి, గిదానితోని కలుస్తదా లేదా అని సిస్టం చూస్తది.”

“గొంతే ఉంటె మేమెందుకు వస్తుంటిమి సార్,” అంది అనసూర్య.

సిద్దిరాములు నిబంధనల పుస్తకం తీసి ఒక పేజీ చదివాడు. వెనక్కి తిప్పి ముందు పేజీ కూడా చదివాడు. ముత్తయ్య రుమాలు కొద్దిగా జరిపి చూపించాడు. ఆయన చూశాడు. ఆ పుస్తకంలో ఆ రంధ్రానికి తగిన పేజీ లేదు.

“దరఖాస్తు తిరస్కరించుడే మేడం. నా చేతుల ఏం లేదు,” అన్నాడు చివరికి. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “కాని తిరస్కరించే ముందట పూర్తిగ పరిశీలించాలని రాసున్నది. పరిశీలనంటె ఇనుడే గదా. అన్ని ఫైళ్లు ఇనాలె.”

స్పీకరు మోత పెంచాడు.

“మేడం, ఫోను ఎంతసేపు చేతుల వట్టుకుంటరు. గీ స్పీకరు పక్కకు పెట్టుండ్రి. నేను జర అటు దిరిగి పని చూస్కుంట.”

అనసూర్య ఫోను పెట్టింది. రికార్డు మీట నొక్కింది. సిద్దిరాములు గోడవైపు తిరిగి, ఖాళీ గోడను ఎంతో శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం దాకా పరిశీలన జరిగింది. ముత్తయ్య గొంతు బాయి గురించి చెప్పింది, చొప్పదండి సంతలో తప్పిపోయిన మేక గురించి చెప్పింది, సత్తవ్వ చేపల పులుసును తిట్టింది. మేక కథకు ముత్తయ్య భుజాలు కదిలేలా నవ్వాడు, చప్పుడు లేకుండా. పులుసు దగ్గర సిగ్గుపడి కిందికి చూశాడు. అన్నీ అయ్యాక సిద్దిరాములు ఇటు తిరిగి, తిరస్కరణ కాగితం మీద సంతకం చేసి, బస్టాండు దాకా ఆటో మాట్లాడి పంపించాడు.

ఇంట్లో సత్తవ్వ ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నది. మధ్యమధ్యలో ఫ్యాను కిరకిర, ఎవరో చాయ్‌కి పిలవడం, “పెద్దపల్లి ఫైలు ఏడికి వోయింది” అన్న కేక కూడా విన్నది. కాళ్లు వణికిన ముచ్చట దగ్గర ఆపమంది.

“గంత భయమైతె నాకెందుకు చెప్పలే?” అని భర్తను అడిగింది.

ముత్తయ్య ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని, ఆ ముక్కను మళ్లీ మొదటినుంచి పెట్టాడు.

వారం తిరక్కముందే ముత్తయ్య నంబరుకు ‘చిటికె’ నుంచి ఫోన్ వచ్చింది. అనసూర్య స్పీకరులో పెట్టింది. ఒక యంత్రం మర్యాదగా మాట్లాడింది.

“స్వరదారు గారికి నమస్కారం. మీ దరఖాస్తు తిరస్కరణ ద్వారా విజయవంతంగా పరిష్కరించబడినది. ఈ పరిష్కారం మీకు సంతృప్తికరంగా లేనిచో, బీప్ తర్వాత ‘లేదు’ అని స్పష్టంగా పలకండి.”

బీప్ వచ్చింది. ముత్తయ్య ఫోను వైపు చూస్తూ కూర్చున్నాడు. అనసూర్య తండ్రి తరఫున “లేదు” అంది.

“క్షమించండి, ఇది స్వరదారు గొంతు కాదు. స్వరదారు నుంచి ఎటువంటి అభ్యంతరమూ వినబడలేదు. మీరు పూర్తిగా సంతృప్తి చెందినట్టు నమోదు చేసుకున్నాము.”