పోట్లాటకి పనికిరాని క్యాచర్

ఆట మానేసిన ఆటగాళ్లలో ఎవరు గొప్పవాళ్లని వాదించుకోవడం కంటే మనిషి ఆరోగ్యానికి మంచిది ఇంకోటి లేదు. నవ్వకండి. పెన్సిల్వేనియా కొండల్లో మా హాలోబ్రూక్ పట్నం పత్రికలో నా జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ రాస్తున్నాను, ఇంత బాధ్యతగా ఎప్పుడూ రాయలేదు.

మాకో బేస్‌బాల్ కీర్తిమందిరం ఉంది. దేశానికంతటికీ కలిపి ఉన్న ఆ పెద్దది కాదు లెండి, మా జిల్లాది. పాత ఫైర్ స్టేషన్ మేడ మీద ఒక గది, గోడ నిండా ఇత్తడి పలకలు, ఒక్కో పలక మీద ఒక్కో ముఖం. ఏటా జనవరిలో, మైదానం మీద మోకాల్లోతు మంచు పడి ఉన్నప్పుడు, కొత్తగా ఎవరి ముఖం పోత పోయించాలో తేల్చడానికి పన్నెండు మంది పెద్దమనుషులం డొలోరెస్ హోటల్లో చేరతాం. అందులో నేనొకణ్ణి.

దీనివల్ల లాభమేంటంటారా? మా కాజ్ డూడెక్ భార్యని అడగండి. కాజ్ పోస్ట్‌మన్‌గా రిటైరైన దగ్గర్నుంచి ఇంట్లోనే ఉండి ఆవిడ వంటకి వంకలు పెడుతున్నాడు. జనవరి వస్తే మాత్రం శనివారాలు పొద్దున్నే మా చర్చకి వెళ్లి చీకటిపడ్డాక గొంతు పోగొట్టుకుని వస్తాడు. గొంతు లేని భర్త! ఏ చర్చిలో ఎన్ని కొవ్వొత్తులు వెలిగిస్తే దొరుకుతాడు అలాంటివాడు?

స్కూలు బస్సు నడిపిన లెరాయ్ పెటిఫర్డ్‌కీ అల్లుడికీ పెళ్లినాటి నుంచీ మాటల్లేవు. ఇప్పుడు ఈ పాత ఆటగాళ్ల గురించి రోజూ ఫోన్ చేసుకుని తిట్టుకుంటున్నారు. కూతురు ఆనందంతో కళ్లనీళ్లు పెట్టుకుంది. జీన్ హలుస్కాకి కట్టుడుపళ్లు ఎక్కడ పెట్టాడో గుర్తుండదు గానీ, వాళ్ల నాన్న కాలంనాటి బ్యాటర్ల సగటులు దశాంశాలతో సహా ఒప్పజెబుతాడు. ఇక ప్రెసిడెంట్ ఎన్నికల్లో మాలో ఎవరు ఎవరికి ఓటేశారో నాకు ఈ రోజుకీ తెలీదు. అంత చిన్న విషయాలకి మాకు తీరిక ఎక్కడిది?

ఈ ఏడాది పోట్లాటంతా డస్టీ క్రాల్ మీద. బంతి కొడితే రైలుపట్టాలు దాటి పడేది. కానీ సూదిమందు వేయించుకుని కండలు పెంచాడని ఒక పుకారు.

"వాడికి సూది ఎందుకురా, తాగిన బీరుకే వచ్చాయి కండలు" అన్నాడు లెరాయ్.

"వాటిని కండలు అనరు, పొట్ట అంటారు" అన్నాడు కాజ్.

"పొట్టతో అంత దూరం కొట్టాడంటే ఇంకా గొప్ప కదా, రెండు పలకలు పెట్టాలి."

దీని మీద మూడు శనివారాలు గడిచాయి. ఎన్ని కప్పుల కాఫీ, ఎన్ని పియరోగీ కుడుములు! డొలోరెస్ హోటల్ పైకప్పుకి కొత్త రేకులు పడ్డాయంటే అది మా మేధస్సు చలవే.

పోటీలో ఆర్విల్ టాన్సీ పేరు కూడా ఉంది. ఆర్విల్ మా జట్టు క్యాచర్. మోకాళ్లు అరిగేదాకా బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని ఎన్ని బంతులు పట్టాడో, వేళ్లు అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయాయి. ఇన్నేళ్లూ ఎవరు అడిగినా "నాకెందుకులే" అని పేరు ఇవ్వనివ్వలేదు. ఈసారి ఆయన భార్య లోర్నా పట్టుబట్టింది. ఆవిడకి చూపు మెల్లగా తగ్గిపోతోంది. పూర్తిగా పోకముందే గోడ మీద ఆయన ముఖం చూసుకోవాలని ఆవిడ కోరిక. అందుకని ఒప్పుకున్నాడు. మూడు శనివారాలూ మా పక్క బల్ల దగ్గరే, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేజీ మాత్రం తిప్పింది లేదు.

ఆర్విల్ పేరు చర్చకి రాగానే కాజ్ అన్నాడు: "ఈయన సంగతి వేరే చెప్పాలా? తర్వాతి పేరు చదవండి."

అందరం తలలూపాం. కెచప్ సీసా ఇటు నుంచి అటు అందుకునేలోపు చర్చ ముగిసింది.

"నీకేంటి పెద్దాయనా, నీది అయిపోయినట్టే. కోటు ఇస్త్రీ చేయించుకో" అన్నాడు లెరాయ్. ఆయన చేయించుకున్నాడు.

మా నియమాలు తేలికే. ఒక్కొక్కరం ఐదు పేర్లు రాయచ్చు. తొమ్మిది ఓట్లొస్తే గోడెక్కుతారు. ఒక్క ఓటూ రానివాళ్ల పేరు శాశ్వతంగా తీసేస్తాం, ఆ అవమానం వాళ్లకి మళ్లీ జరగకూడదన్న దయతో.

ఓటు వేసేటప్పుడు తెలివైనవాడు ఏం చేస్తాడు? ఆర్విల్‌కి ఎలాగూ పదకొండు వస్తాయి, పన్నెండోది దండగ, దాన్ని గట్టెక్కని మనవాడికి వేసుకుందాం అనుకుంటాడు. నేనలాగే అనుకున్నాను. నా లెక్కలో ఇప్పటికీ తప్పు కనిపించడం లేదు. మా కీర్తిమందిరం దురదృష్టమల్లా, పన్నెండు మందీ తెలివైనవాళ్లు కావడమే.

డబ్బా తెరిచి చీటీలు చదివింది హోటల్ యజమానురాలు డొలోరెస్. డస్టీ క్రాల్‌కి ఎనిమిది. ఒక్కటి తక్కువై ఓడిపోయాడు. టాన్సీ దగ్గరకొచ్చేసరికి ఆవిడ చీటీలన్నీ వెనక్కి తిప్పి చూసింది, డబ్బా అడుగున తడిమింది, బల్ల కిందకి వంగి చూసింది. ఎక్కడా లేదు.

"నువ్వు వేస్తావనే కదరా నేను వెయ్యలేదు" అన్నాడు లెరాయ్.

"అదే మాట నేను నిన్ను అడుగుదామనుకుంటున్నా" అన్నాడు కాజ్.

ఇస్త్రీ కోటులో ఉన్న ఆర్విల్ పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కదా. మాటలమ్ముకుని బతికేవాణ్ణి, నేనే అన్నాను: "పెద్దాయనా, మీ విషయంలో మాలో ఏ ఒక్కరికీ రెండో మాట లేదు."

"తెలుసు. మూడు వారాలూ ఇక్కడే ఉన్నాగా" అన్నాడాయన. "ఒక్క పూటైనా నన్ను నాలుగు తిట్టుంటే బాగుండేదయ్యా. ఆ తాగుబోతు డస్టీ కోసం చొక్కాలు పట్టుకున్నారు. ఇప్పుడు ఇంటికెళ్లి లోర్నాకి ఏమని చెప్పను? అందరూ ఒప్పుకున్నారనా?"

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

అయితే పాఠకులు దిగులు పడనక్కర్లేదు. మేం చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. తీసేసిన పేరు తిరిగి చేర్చేలా నియమం మారుద్దామని కాజ్ అక్కడికక్కడే ప్రతిపాదించాడు. ఒకరికి సడలిస్తే రేపు ఊళ్లో ప్రతి అడ్డమైనవాడూ వస్తాడని లెరాయ్ అడ్డుపడ్డాడు. జీన్ మధ్యేమార్గం చూపించాడు, దాన్ని ఇద్దరూ కలిసి తిట్టారు. ఇంత రసవత్తరమైన చర్చ మా జిల్లాలో నేనెన్నడూ వినలేదు! ఎట్టకేలకి ఆర్విల్ టాన్సీ పేరు మీద మాకు గొంతులు పోయాయి. ఆయనే లేడు వినడానికి.

చర్చ అసంపూర్తిగా ముగిసింది. ఆనవాయితీ ప్రకారం మళ్లీ వచ్చే జనవరిలోనే కూర్చుంటాం. లోర్నా చూపు వేసవి దాకా ఉంటే గొప్పని కంటి డాక్టరు అన్నాడట. ఆయన మా సంఘంలో సభ్యుడు కాడు కాబట్టి, ఆ మాటని మేం లెక్కలోకి తీసుకోలేదు.