చిగుళ్లకు సిగరెట్ చేసిన మేలు

మీ చిగుళ్లు జీవితాంతం ప్రశాంతంగా ఉండాలా? అయితే సిగరెట్ తాగండి!

నవ్వకండి. సరదాకి చెప్పడం లేదు. ఇరవై ఏళ్ల అనుభవంతో, రుజువులతో సహా చెబుతున్నాను.

మొదటి రుజువు ప్రగతి నగర్‌లో, మా ఇంట్లోనే ఉంది. మా ఆవిడ కళ్యాణి సిగరెట్ ముఖం చూడదు. పొద్దునా రాత్రీ బ్రష్ చేస్తుంది. తిన్న ప్రతిసారీ పుక్కిలిస్తుంది. ఏం లాభం? ఎప్పుడో ఒకప్పుడు ఆమె బ్రష్ మీద ఎర్రటి చార కనిపిస్తుంది. వెంటనే డెంటిస్టు, క్లీనింగ్, కొత్త బ్రష్, ఒకటే హడావిడి!

మరి నేనో? లేవగానే ఒకటి. ఆఫీసు బస్సు ఎక్కే ముందు ఒకటి, దిగాక ఒకటి. మీటింగ్‌కి ముందు ధైర్యం కోసం, తర్వాత ఓదార్పు కోసం. బ్రష్ చేయడం అంటారా, బస్సు హారన్ వినిపించేలోపు ఎంతైతే అంత. ఇన్నేళ్లలో ఒక్క చుక్క రక్తం వచ్చిందా? రాలేదు! నురగ మల్లెపువ్వులా ఉండేది.

శవం లేదు, కత్తి లేదు, నెత్తుటి మరక లేదు. ఇక నేరం ఎక్కడ జరిగినట్టు? ఏ పోలీసైనా ఫైలు మూసేసి ఇంటికెళ్లి భోంచేస్తాడు కదా!

ఇంకో లాభం చూడండి. నలభై ఐదు దాటాక మనిషిలో పొట్టా బీపీ తప్ప ఏవీ పెరగవు. నాకు పళ్లు పెరిగాయి! పెళ్లి ఫొటోలో దానిమ్మ గింజల్లా ఉన్నవి, కొత్త ఐడీ కార్డులో గుమ్మడి గింజల్లా హుందాగా పొడుగ్గా ఉన్నాయి. చిగుళ్లు మర్యాదగా వెనక్కి జరిగి పళ్లకు చోటిచ్చాయన్నమాట. నానక్‌రామ్‌గూడలో పాత ఇళ్లు వెనక్కి జరిగి టవర్లకు చోటివ్వలేదా? దాన్ని అభివృద్ధి అంటాం. అదే నా నోట్లో జరిగితే రోగమా?

చల్లటి నీళ్లు తాగితే నడినెత్తిదాకా జివ్వుమనేది. దాంతో కూల్‌డ్రింకులు మానేశాను, ఐస్‌క్రీమ్ మానేశాను. నన్ను షుగర్ నుంచి కాపాడుతున్నది ఎవరు? సిగరెట్టే!

ఇన్ని మేళ్లు చేసిన నేస్తాన్ని ఓసారి ఎందుకు వదిలానంటే, అది కళ్యాణి పుణ్యం.

“ఏందయ్యా, నవ్వితే గుర్రం లెక్క కనబడుతున్నవ్? జర ఆ సిగరెట్లు బంద్ చెయ్యరాదు?” అంది ఒకరోజు. మామూలుగానైతే పట్టించుకునేవాణ్ని కాదు. ఆ వెంటనే చుట్టాల పెళ్లి వీడియో పెట్టి, సరిగ్గా నేను నవ్విన చోట ఆపింది. మనిషికి ఆత్మాభిమానం అనేది ఒకటుంటుంది కదా! మానేశాను.

పది రోజులు గడవకముందే వాష్‌బేసిన్‌లో గులాబీ రంగు. మర్నాడు ఎరుపు!

“చూసినవా!” అని అరిచాను. “తాగినన్ని రోజులు చుక్క రాలే. బంద్ చేసినంక చూడు, ఖూన్!”

“సిగరెట్ మానితే రక్తమొస్తదని ఎవలు చెప్పిండ్రు నీకు? నడువ్, డాక్టర్‌కు చూపిద్దాం.”

డాక్టర్ ఎందుకు? గచ్చిబౌలిలో మా ఆఫీసు గేటు బయట, చాయ్ బండి దగ్గర అంతకంటే పెద్ద వైద్య మండలి ఉంది. దానికి అధ్యక్షుడు మా టీమ్‌లోని వేణు. గోదావరి జిల్లావాడు, నాకంటే ఎక్కువ కాలుస్తాడు. నా గోడంతా శ్రద్ధగా విని, పొగ పక్కకి వదిలి తల పంకించాడు.

“మీకు మానేయడం పడలేదు గురువుగారూ. ఒంటికి అలవాటైన సరుకుని ఒక్కసారే ఆపేస్తే ఊరుకుంటుందాండీ? తిరగబడింది. ముందు ఒకటి వెలిగించండి, అదే సర్దుకుంటుంది.”

వెలిగించాను. కొద్ది రోజుల్లోనే నురగ మళ్లీ మల్లెపువ్వు! తాగితే ఆగుతోంది, మానితే కారుతోంది. ఇంతకంటే శాస్త్రీయమైన ప్రయోగం ఏ ల్యాబ్‌లో చేస్తారు? నాలుగు నెలలు రాజాలా తిరిగాను.

ఒక ఆదివారం మటన్ బొక్క కొరికాను. పై వరసలో ముందు పన్ను కదిలింది.

నాలుకతో తోశాను. ముందుకెళ్లింది. లాగాను. వెనక్కొచ్చింది. గాలికి వదిలేసిన తలుపులా ఊగుతోంది! ముందు పన్ను, అదీ పైది. అది ఊడితే రేపు క్లయింట్‌తో వీడియో కాల్‌లో ఏ ముఖంతో నవ్వాలి? ‘ఫైనల్’, ‘ఫాలో అప్’ అనే మాటల్ని గాలి లీకవకుండా ఎలా అనాలి? మటన్ ప్లేట్ పక్కకి తోసేశాను. ఆకలి చచ్చిపోయింది.

ఈసారి చాయ్ బండికి వెళ్లలేదు. కళ్యాణి తన డాక్టర్ నవ్య దగ్గరికి నన్ను ఇంచుమించు చెవి పట్టుకునే తీసుకెళ్లింది. డాక్టర్ సన్నటి కడ్డీని పన్నుకీ చిగురుకీ మధ్య దించింది. అది దిగుతూనే ఉంది. అంత పొడుగు కడ్డీ పట్టే గొయ్యి నా నోట్లో ఎప్పుడు తవ్వారో నాకే తెలియదు!

“స్మోక్ చేస్తారా సర్?”

“చేస్త మేడమ్. అందుకే నాకు రక్తం రాదు,” అన్నాను ఛాతీ విరిచి.

“కరెక్ట్. అందుకే రాదు.”

విన్నావా అన్నట్టు కళ్యాణి వైపు చూశాను. తొందరపడ్డాను.

“పొగ వల్ల చిగుళ్లలోని సన్నటి రక్తనాళాలు ముడుచుకుపోతాయి సర్. లోపల జబ్బు పన్నును పట్టి ఉంచే ఎముకను తినేస్తున్నా పైకి రక్తం కనబడదు. మీరు మానేసినప్పుడు వచ్చింది చూశారూ, అది చిగుళ్లకి రక్తం మళ్లీ అందుతోందని గుర్తు. జబ్బు అప్పుడు పుట్టలేదు, అప్పుడు బయటపడింది. ఆ రోజే నా దగ్గరికి రావాల్సింది.”

“ఆ రోజు ఏడికి పోయిండో అడుగుండ్రి డాక్టరమ్మా,” అంది కళ్యాణి.

నేను కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాను కాబట్టి జవాబు చెప్పే పని తప్పింది.

నా ఉద్యోగం ఏమిటో మీకు చెప్పలేదు కదూ? సర్వర్లు కూలిపోకుండా కాపలా కాసే టీమ్‌కి మేనేజర్‌ని. ఎక్కడ తేడా వచ్చినా మాకు అలారం మోగుతుంది. ఆ మోత పడలేక నిరుడు మా రాకేశ్ అలారాలన్నీ ఆపేశాడు. వారమంతా ఎంత నిశ్శబ్దం! అందరం హాయిగా పనిచేసుకున్నాం. సోమవారం సిస్టమ్ మొత్తం కుప్పకూలింది. రాకేశ్‌ని నా కేబిన్‌లో నిలబెట్టి గర్జించాను: “అలారం మోగకపోతే అంతా మంచిగున్నట్టా? తలకాయ ఉందా నీకు?”

నా తలకాయ గురించి మాత్రం ఎవరూ అడగలేదు. అడగాల్సింది చిగుళ్లే. వాటి నోరు సిగరెట్ ఏనాడో నొక్కేసింది!

సిగరెట్ మీద నా అసలు ఫిర్యాదు ఇదీ. హాని చేస్తుందని తెలుసు. ప్యాకెట్ మీద ఆ భయంకరమైన బొమ్మ కూడా చూస్తూనే ఉన్నాను, చూసి చూసి చుట్టాల ఫొటోలా అలవాటైపోయింది. కానీ కొట్టేవాడు కొడుతున్నట్టు తెలియనివ్వాలా వద్దా? ఇల్లు దోచుకుంటూ, మన చేతే ‘అంతా క్షేమం’ అనిపించుకునే దొంగని ఏమనాలి? ఇరవై ఏళ్లపాటు ఆ దొంగకి నేనే రోజూ ముందుండి తలుపు తీశాను, పైగా నిప్పు కూడా అందించాను!

వెనక్కి జరిగిన చిగురు దానంతటది మళ్లీ ముందుకు రాదట. మిగిలిందాన్ని నిలబెట్టుకోవడమే మన చేతిలో ఉందట. డాక్టర్ చిగుళ్ల అడుగుదాకా క్లీనింగ్ చేసింది. మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా తోమమంది, గోడకు సున్నం కొట్టినట్టు బరబరా రుద్దొద్దంది. ఊగే పన్నును సన్నటి తీగతో పక్క పళ్లకు కట్టేసి, చివరి మాట చెప్పింది.

“మూడు నెలలు చూద్దాం సర్. సిగరెట్ ముట్టుకోకపోతే పన్ను నిలబడొచ్చు. ముట్టుకుంటే నేను చేసేదేం లేదు, తీసేయడమే.”

ఆనాటినుంచి సిగరెట్ మానేసి, రోజూ తెల్లారగానే రక్తం కోసం వాష్‌బేసిన్‌లో వెతికాను. మళ్లీ కనబడగానే “వచ్చింది! వచ్చింది!” అని ఇల్లు ఎగిరిపోయేలా కేకపెట్టాను.

“మెల్లగయ్యా! పక్కింటోళ్లు పోలీసులకు ఫోన్ చేస్తరు,” అంది కళ్యాణి.

తర్వాత అది మెల్లమెల్లగా తగ్గింది. ఈసారి ఎవరూ నోరు నొక్కకుండా, నిజంగానే తగ్గింది. ఆ మూడు నెలలూ చాయ్ బండికి అవతలి పేవ్‌మెంట్ మీదుగా నడిచాను. వేణు అటునుంచి ప్రేమగా చెయ్యి ఊపితే, నేను ఇటునుంచి ప్రేమగా తల తిప్పుకున్నాను.

నిన్న గడువు తీరింది. డాక్టర్ నవ్య నోట్లో చూసే చిన్న అద్దం కాడతో పన్నును అటూ ఇటూ నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

“పోయినసారి కంటే గట్టిపడింది. ఉంచుదాం సర్!” అని, సందులు శుభ్రం చేసుకోవడానికి పుల్లంత సన్నటి బ్రష్‌లు రెండు కళ్యాణి చేతికిచ్చింది.

గాల్లో తేలుతూ మెట్లు దిగాను. ఇంత శుభవార్త విన్నాక మనిషి ఏం చేయాలి? ఇరవై ఏళ్లుగా నా కుడిచేతికి తెలిసిన పండగ ఒక్కటే. అది నన్ను అడక్కుండానే చొక్కా జేబులోకి వెళ్లి, తడిమి, ఏమీ దొరక్క రెండు వేళ్లు చాపుకుని బయటికొచ్చింది.

కళ్యాణి చూసింది. ఒక బ్రష్ తీసి, సరిగ్గా ఆ రెండు వేళ్ల మధ్య పెట్టింది.

“ఇగ గిది ముట్టియ్యి!”