పచ్చదీపం వెలిగిన తరగతి

మావారి గురించి బయట చెప్పుకుంటే పరువు తక్కువ గాని, ఎన్నాళ్లని దాచను? ఆయన లెక్కల మాస్టారు. ఆయన పాఠం చెబితే పిల్లలకు అర్థమవుతుంది. పెళ్లికి ముందు ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు.

అంతటితో ఆగినా సరిపెట్టుకునేదాన్ని. ఈయన బోర్డు మీద లెక్క వేసి, "ఆలోచించండి" అని పక్కకు తప్పుకుంటారు. పిల్లలు, అందులో మా అమ్మాయి కూడా, నోరు మూసుకుని ఆలోచిస్తారు. తరగతిలో ఇంతకు మించిన ఘోరం లేదని ఈ ఏడాదే తెలిసింది.

ఈ ఏడాది బడిని ఆధునికం చేశారు. ప్రతి తరగతి గోడకూ ఒక దీపం బిగించారు. పిల్లలు చురుగ్గా పాల్గొంటున్నారో లేదో అది కనిపెడుతుంది. చప్పుడూ కదలికా ఉంటే పచ్చగా, లేకుంటే ఎర్రగా వెలుగుతుంది. ఎరుపు ఎక్కువైన మాస్టారిని తరగతి నుంచి తప్పించి, ట్యాబ్‌లకు చార్జింగ్ పెట్టే గదికి పంపిస్తారు. మావారి తరగతిలో దీపం ఎరుపు దిగితే ఒట్టు.

"దానికేం తెలుసే, పిల్లలు ఆలోచిస్తుంటే!" అని ఇంటికొచ్చి విసుక్కున్నారు.

"ఆ ఆలోచించేదేదో కాస్త పైకి వినపడేలా ఆలోచించమనండి," అన్నాను.

మిగతా ఉపాధ్యాయులు కాలంతో నడిచేవాళ్లు. సైన్సు టీచరు వాక్యానికోసారి పిల్లల చేత బల్లలు చరిపించేది. సాంఘికం మాస్టారు యుద్ధాలన్నీ బెంచీల మీదే జరిపించాడు. ఏ రాజు ఎవరితో ఎందుకు పోట్లాడాడో ఎవరికీ తెలియలేదు గాని, ఇద్దరికి చేతులు విరిగాయి. పాల్గొనడమంటే అదీ!

ఆ తర్వాత సహకారం వచ్చింది. ఒక్కరు చెప్పే పాఠం కంటే ముగ్గురు కలిసి చెప్పేది మూడింతలు మేలని తేల్చి, తరగతికి ముగ్గురిని నియమించారు. "మీరు మొదలెట్టండి", "అబ్బే, మీరుండగా నేనా" అనుకునేలోగా గంట కొట్టేసేవారు. ఈ మర్యాదలను క్రమబద్ధం చేయడానికి సమన్వయ సమావేశాలు ఏర్పాటయ్యాయి. ఒక్కరు తప్పకుండా అందరూ హాజరు కావాలి గనక, వాటిని పాఠాల వేళలోనే పెట్టారు.

అలా తరగతుల్లో మాస్టారన్నవాడు లేని పూట అద్భుతం జరిగింది. బడిలో దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. మావారి తరగతిలోనైతే కళ్లు చెదిరేంత పచ్చ. ప్రిన్సిపాలుగారు పరుగున వచ్చి చూసి సత్యం గ్రహించారు: చదువుకు అడ్డం మాస్టార్లే.

మావారికి ఉత్తమ ఉపాధ్యాయ సత్కారం ప్రకటించి, తల్లిదండ్రులందరినీ ఆ తరగతికే పిలిచారు. సభ ముగిసేదాకా దీపం పచ్చగా ఉంటే తరగతి ఆయనకే దక్కుతుంది. ఆయన చేయవలసిందల్లా గుమ్మం బయట నిలబడటం.

పర్యవేక్షణకు వచ్చిన పెద్దసారు ప్రసంగించారు. "మనం నేర్పడం మానేసిన చోటే పిల్లలు నేర్చుకోవడం మొదలవుతుంది!" చప్పట్లు. పచ్చ. ఆ హుషారులో ఏడెనిమిదులెంతని అడిగారు. మా అమ్మాయి లేచి, "యాభై నాలుగు!" అంది. పెద్దసారు చప్పట్లు కొట్టారు, ప్రిన్సిపాలుగారు కొట్టారు, తల్లిదండ్రులం అరచేతులు మండేలా కొట్టాం.

మా పిల్ల కూర్చోలేదు. గుమ్మం వైపు చూసింది. వాళ్ల నాన్న లెక్క వేసి పక్కకు తప్పుకున్నప్పుడు పెట్టే మొహమే పెట్టారు.

"ఉండండి సార్. నేను తప్పు చెప్పాను."

గది నిశ్శబ్దమైపోయింది. అందరూ ఆలోచనలో పడ్డారు. పెద్దసారుగారి వేళ్లు జేబులో ఒక్కొక్కటే కదులుతున్నాయి. దీపం ఎర్రబడింది.

మర్నాటి నుంచి మావారు చార్జింగ్ గదికి బాధ్యులు. చిత్రమేమిటంటే, అప్పటి నుంచి ఆ తరగతి ట్యాబ్‌లలో చార్జింగ్ మాటిమాటికీ అయిపోతోంది. పిల్లలు వాటితోపాటు లెక్కల పుస్తకం కూడా తెచ్చుకుని, దీపం లేని ఆ గదిలో ఎంతకీ కదలరట.

పరీక్షలు దగ్గరపడ్డాయి. నిన్న సాయంత్రం తలుపు తీస్తే ఎదురుగా ప్రిన్సిపాలుగారు, పక్కన వాళ్లబ్బాయి. వెనక మెట్ల నిండా ఆనాటి తల్లిదండ్రులు, వాళ్ల పిల్లలు.

"మావాడికి మీ ఇంట్లో కాస్త లెక్కలు చెప్పించాలమ్మా. ఆ రోజు ఏదో… పొరపాటు…" అని గొణిగారు.

"కాస్త గట్టిగా అనండి సార్, ఆయన లోపల ఉన్నారు."

"తప్పు నాదేనమ్మా! మాస్టారిని తరగతిలోంచి తీసెయ్యడం నా తప్పే!"

మెట్ల మీదున్న వాళ్లందరూ, అలవాటు కొద్దీ, చప్పట్లు కొట్టారు.