ముద్ర పడిన గొట్టం

"లెన్సు ఎంత పొడుగో ఫొటోగ్రాఫరు అంత!"

తూనికలు, కొలతల కార్యాలయం సూపరింటెండెంటు గారు ఈ మహావాక్యాన్ని టీ వేళ ప్రకటించి, తన కెమెరాను బల్ల మీద పెట్టారు. బల్ల కిర్రుమంది. ఆ కెమెరా ముందున్న లెన్సు చిన్న ఫిరంగిలా ఉంటుంది. దాన్ని మొయ్యడానికి ఒక పట్టీ, పట్టీ ఒరుసుకోకుండా మెడకు ఒక మెత్త, మెడ మీద బరువు నడుముకు దిగాక నడుముకో బెల్టు, రాత్రి ఆ నడుముకు రాసుకోవడానికో తైలం. ఇవన్నీ యాక్సెసరీల కిందికే వస్తాయని ఆయన చెబుతారు.

ఈ మాటను ఆఫీసులో ఎవరూ కాదనలేదు. పొద్దున్న వచ్చింది మొదలు సాయంత్రం దాకా కొలవడమే వాళ్ళ ఉద్యోగం. లెన్సు పొడుగు స్కేలుకు దొరుకుతుంది. ఫొటో బాగుందో లేదో స్కేలుకు దొరకదు. స్కేలుకు దొరకనిదాన్ని పట్టించుకోవడానికి వాళ్ళకు ఎవరూ జీతం ఇవ్వడం లేదు కదా!

రికార్డుల గుమాస్తా ఒక్కడే ఆ రోజు టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. అతను కొత్తగా కెమెరా కొన్నాడు. కొన్నవాడు ఊరుకోకుండా సలహా అడిగాడు.

సలహాలు వచ్చాయి! ఫిల్టర్లు కొనాలి, ఫిల్టర్లు పెట్టుకునే పెట్టె కొనాలి, ముక్కాలి స్టాండు కొనాలి, దాని మూడు కాళ్ళకూ తొడుగులు కొనాలి. దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి ఒకటి, అది అందనిచోట తుడిచే కుంచె ఒకటి, కుంచెకు దుమ్ము పట్టకుండా ఇంకొకటి. అన్నీ కొన్నాక డబ్బు మిగిలితే లెన్సు సంగతి చూడవచ్చు.

ఆదివారం గుమాస్తా భార్యను వెంటబెట్టుకుని కెమెరాల కొట్టుకు వెళ్ళాడు. కొట్టతను అద్దాల బీరువా తెరిచి, ఒక్కో లెన్సునూ పసిబిడ్డను చూపించినట్టు చూపించాడు.

"ఇది జూమ్ లెన్సు మేడమ్. దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది."

"దగ్గరగా కావాలంటే దగ్గరికి వెళ్ళొచ్చు కదండీ?" అందావిడ.

కొట్టతనికి ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు. అతను బీరువా కింది అరలోంచి ఒక పొట్టి లెన్సు తీశాడు. అరచేతిలో పట్టేసింది. "అలాగైతే ఇది తీసుకోండి. జూమ్ లేదు. ముందుకీ వెనక్కీ మీరే నడవాలి. చీకటి గదిలో కూడా బాగా పడుతుంది. మొదలుపెట్టేవాళ్ళకి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. కాకపోతే చూడ్డానికి బావుండదని ఎవరూ కొనరు."

"చూడ్డానికి కాదుగా, తియ్యడానికి," అందావిడ. గుమాస్తా జేబుకు ప్రాణం లేచి వచ్చింది.

మిగతా యాక్సెసరీలు ఇంట్లోనే దొరికాయి. లెన్సుకు సంచి కింద గుమాస్తా పాత ఉన్ని మేజోడు కుదిరింది. తుడవడానికి ఆవిడ కళ్ళజోడు గుడ్డ ఉండనే ఉంది. స్టాండు బదులు దిండు గలీబులో ఇసుక పోసి కుట్టింది. కిటికీ మీద పెట్టి, దాని మీద కెమెరా ఆనిస్తే రాయిలా కదలకుండా కూర్చుంది!

ఇంతకీ ఆ గుమాస్తాకు ఈ వయసులో కెమెరా దేనికి?

ఆఫీసు హాల్లో గోడ పొడుగునా ఏటేటా తీసిన గ్రూపు ఫొటోలు ఉన్నాయి. అన్నీ సూపరింటెండెంటు గారు తీసినవే. అటెండరు తాత వాటిని రోజూ తుడుస్తాడు. ఒకరోజు తాత మనవరాలిని తీసుకొచ్చాడు. ఆ పిల్ల ఫొటోలన్నీ వరసగా చూసి, "నువ్వేదీ తాతా?" అంది. తాత ఒక ఫొటో అంచున వేలు పెట్టాడు. అక్కడ ఒక మోచెయ్యి ఉంది.

"ఇదే నేను."

"మిగతా నువ్వేదీ?"

"మిగతా నేను రోడ్డు మీద ఉన్నాను అమ్మలూ."

అది నిజమే. పొడుగు లెన్సుతో నలుగురిని ఫొటోలో పట్టించాలంటే చాలా వెనక్కి నడవాలి. ఆవరణలోంచి తీస్తే పెద్దాఫీసరు గారి ముక్కు ఒక్కటే పడుతుంది. అందుకని సూపరింటెండెంటు గారు వెనక్కి, ఇంకా వెనక్కి నడుస్తూ గేటు దాటి, రోడ్డు దాటి, అవతలి చెప్పుల కొట్టు మెట్లెక్కుతారు. మధ్యలో బస్సులు అడ్డం రాకుండా ఎర్రగుడ్డ పట్టుకుని తాత రోడ్డు మీద నిలబడతాడు. ఫొటో అయ్యేదాకా రెండు వైపులా హారన్లు, తిట్లు! ఒక ఏడు మాత్రం పెద్దాఫీసరు గారి కుర్చీ సర్ది పరిగెత్తబోతూ మోచేతిని ఫొటోలో మర్చిపోయాడు.

తాత ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. గ్రూపు ఫొటో ఈ నెలలోనే. ఆ ఫొటోలో తాత మిగతా శరీరాన్ని కూడా చేర్చాలని గుమాస్తా కోరిక. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అతను మేజోడులోంచి పొట్టి లెన్సు తీసి సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టాడు. "ఈసారి ఫొటో నేను తీస్తానండి సార్. ఆవరణలోంచే అందరూ పడతారు. తాత రోడ్డు మీదకి వెళ్ళక్కర్లేదు."

"ఇది లెన్సా, సీసా మూతా?" అన్నారాయన. "చూడవయ్యా, ఎవరి లెన్సు పొడుగైతే వాళ్ళే తియ్యాలి. ఇది నేను పెట్టింది కాదు, ఆఫీసు సంప్రదాయం. ఇంతమంది ఉండగా ముందుకొచ్చి తీస్తానంటున్నావు, నువ్వేమన్నా పెద్ద గొట్టం గాడివా?"

సాయంత్రం గుమాస్తా ఈ మాట ఇంట్లో చెప్పి గోడకు చేరగిలబడ్డాడు. భార్య చేతిలో పని ఆపింది.

"ఏమన్నాడూ? గొట్టం ఉంటే తియ్యనిస్తానన్నాడా?"

"అలా కాదే, తిట్టాడు."

"తిట్టో దీవెనో, గొట్టం మన దగ్గరుందిగా!"

వంటింట్లో సింకు మార్చినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ గొట్టం అటక మీద ఉంది. గేటుకు వెయ్యగా మిగిలిన నల్లరంగూ ఉంది. ఖరీదైన లెన్సులకు అంచున ఎర్ర గీత ఉంటుందని గుమాస్తా అంటే, ఆవిడ గోళ్ళ రంగు తెచ్చి గీసింది. పొట్టి లెన్సు చుట్టూ ఉన్ని మేజోడు చుట్టి, దాని మీదుగా గొట్టం దూర్చింది. బిగుతుగా పట్టేసింది.

"మోసం కాదంటావా?" అన్నాడు గుమాస్తా.

"మిమ్మల్ని ఎవరైనా ఇదేమిటని అడిగితే నిజం చెప్పండి. అడగకపోతే వాళ్ళిష్టం."

మర్నాడు ఎవరి లెన్సు పొడుగో తేల్చడానికి పెద్దాఫీసరు గారి గదిలో పరీక్ష జరిగింది. ఇనప్పెట్టె తెరిచి, వెల్వెట్ గుడ్డలోంచి ప్రామాణిక స్కేలు బయటికి తీశారు. సూపరింటెండెంటు గారి లెన్సు కొలిచారు. తర్వాత గుమాస్తాది కొలిచారు. జానెడు ఎక్కువ!

స్కేలు తిరగేసి ఇంకోసారి కొలిచారు. అంతే వచ్చింది.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు పెద్దాఫీసరు గారు.

గుమాస్తా నిజమే చెప్పబోయాడు. "పై... పై... పైపు..."

"పైపైన చూస్తే తెలీదండి సార్!" సూపరింటెండెంటు గారు మధ్యలోనే అందుకున్నారు. తనకు తెలియని లెన్సు లోకంలో ఉందని ఒప్పుకోవడం ఆయన వల్ల కాలేదు. "నేను చూడగానే పోల్చాను. దీని పాత మోడలు మా తోడల్లుడి దగ్గర ఉండేది. చాలా అరుదైన సరుకు. దీంతో తీసిన ఫొటోని కత్తిరించకూడదు సార్. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే విలువ. ఒక్క పక్క కోసినా ఫొటో చచ్చిపోతుంది!"

"అవునవును, నేనూ ఏదో సదస్సులో చూశాను," అన్నారు పెద్దాఫీసరు గారు. సదస్సు పేరు గుర్తు రాలేదు.

కొలిచిన వస్తువు ముద్ర లేకుండా ఆ గది దాటకూడదు. కాబట్టి అచ్చు వేడిచేసి గొట్టం మీద శాఖ ముద్ర వేశారు. 'లెన్సు. సరిచూడబడినది.' కింద సూపరింటెండెంటు గారి సంతకం, దాని కింద పెద్దాఫీసరు గారి సంతకం.

ఫొటో రోజున అందరూ ఆవరణలో వరుసలు కట్టారు. తాత అలవాటు ప్రకారం ఎర్రగుడ్డ తీసుకుని గేటు వైపు నడిచాడు.

"ఆగు తాతా, ఈ ఏడు రోడ్డు దాకా వెళ్ళక్కర్లేదు."

"అదేంటి బాబూ? మరి బస్సుల సంగతి?"

సూపరింటెండెంటు గారికీ అనుమానం వచ్చింది. "ఇంత పొడుగు లెన్సు పెట్టుకుని ఇక్కణ్ణుంచే తీస్తావా?"

"ఇది దగ్గర్నుంచి కూడా పనిచేస్తుంది సార్."

"తెలుసు, తెలుసు. నీకు తెలుసో లేదోనని అడిగాను."

గుమాస్తా కెమెరాకు కన్ను ఆనించాడు. అంతా చీకటి. నడుమ గుండ్రటి కంతలోంచి పెద్దాఫీసరు గారి మొహమూ, ఎవరిదో ఒక చెవీ కనిపించాయి. గొట్టం తమ వైపు తిరగ్గానే వరుసలన్నీ బిగుసుకుపోయాయి. ఊపిరి బిగబట్టారు, పొట్టలు లోపలికి లాక్కున్నారు. ఒక్క మొహంలోనూ మనిషి లేడు. మర్యాద కోసం అతను రెండుసార్లు నొక్కాడు.

"ఒక్క నిమిషం సార్, దుమ్ము పడింది," అని గొట్టం ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు.

లెన్సు తీసేశారంటే ఫొటో లేనట్టే కదా! వరుసలు ఒక్కసారి వదులయ్యాయి. పొట్టలు బయటికి వచ్చాయి. పెద్దాఫీసరు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. టైపిస్టమ్మ పక్కావిడ చెవిలో ఏదో చెప్పి నవ్వింది.

"తాతా, ఒకసారి పెద్దసారు కుర్చీ పక్కన నిలబడు. మొహాల మీద వెలుగు ఎలా ఉందో కొలవాలి."

కొలవడమనగానే ఎవరూ అడ్డు చెప్పలేదు. తాత ఎర్రగుడ్డతోనే వెళ్ళి నిలబడ్డాడు. ఎటు చూడాలో తెలియక గేటు వైపు చూశాడు. "నేనిక్కడుంటే రోడ్డు సంగతి ఎవరు చూస్తారు బాబూ?"

"ఇవాళ రోడ్డుకి సెలవిచ్చేశాం!" అన్నారు పెద్దాఫీసరు గారు, కళ్ళజోడు ఇంకా చేతిలోనే ఉండగా.

పెద్దాఫీసరు గారు హాస్యమాడటం అదే మొదలు. అందరూ పగలబడి నవ్వారు. తాత కూడా నోరారా నవ్వాడు. బోసినోటితో సహా మొహమంతా నవ్వింది. పొట్టి లెన్సు చిన్నగా క్లిక్కుమంది. ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు.

నెలాఖరున ఫొటో చట్రంలో బిగించి తెచ్చారు. దాని మీద కప్పిన గుడ్డ తియ్యగానే సూపరింటెండెంటు గారు మండిపడ్డారు.

"సార్! ఇదేం ఫొటో సార్! నడిమధ్యన అటెండరు! పక్కనే తమరు నవ్వుతూ! గోడ మీద ఇది ఉంటే ఆఫీసు పరువుంటుందా? ఆ ముక్క కత్తిరించేద్దాం!"

తాత గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అప్పటిదాకా ఫొటో వంకే చూస్తున్నవాడు తల దించుకుని, భుజం మీది గుడ్డ సర్దుకున్నాడు. మనవరాలు అతని చెయ్యి పట్టుకుని ఉంది. గుమాస్తా ఒక అడుగు ముందుకేసి అన్నాడు:

"ఈ లెన్సుతో తీసింది కత్తిరించకూడదని మీరే చెప్పారు కదండీ సార్."

"అది లెన్సయితే కదా!" అంటూ సూపరింటెండెంటు గారు ఫొటో పక్కన బల్ల మీద పెట్టిన గొట్టం లాక్కున్నారు. ఆయనకు చాలా రోజులుగా లోపల నలుగుతున్న అనుమానం ఇప్పుడు గోళ్ళలోకి వచ్చింది. బరబరా గీకారు. నల్లరంగు పెచ్చులుగా ఊడింది. కింద అచ్చు అక్షరాలు బయటపడ్డాయి: 'తాగునీటికి పనికిరాదు.'

"చూశారా సార్! ఇది సింకు గొట్టం! మురికినీళ్ళ గొట్టం!"

పెద్దాఫీసరు గారు గొట్టం అందుకుని చదివారు. మెల్లగా రెండోవైపు తిప్పారు. అక్కడ కూడా అక్షరాలున్నాయి.

"మరి ఇదేమిటండీ?"

"ముద్ర సార్."

"ఎవరు వేశారు?"

సూపరింటెండెంటు గారు తన సంతకం వైపు చూశారు. "నేను సార్. నా కింద తమరు."

"మన ముద్ర పడిన వస్తువు తప్పవుతుందా?"

"ఎలా అవుతుంది సార్!"

"అయితే ఇదేమిటి?"

"లెన్సు సార్."

"దీంతో తీసిన ఫొటో?"

"కత్తిరించకూడదు సార్."

"మరి ఈ తాగునీటి సంగతి?"

సూపరింటెండెంటు గారు ఆ అక్షరాలు ఇంకోసారి చదివారు. "సూచన సార్. లెన్సుతో నీళ్ళు తాగొద్దని."

"మంచి సూచన," అన్నారు పెద్దాఫీసరు గారు. తర్వాత ఫొటో వంక ఇంకోసారి చూశారు. అందులో నవ్వుతున్న తన మొహం దగ్గర ఆయన చూపు కాసేపు నిలిచింది. అలా నవ్వగలనని బహుశా ఆయనకూ తెలియదు. "ఇలాంటిదే ఇంకొకటి మా ఇంటికి కూడా వేయించవయ్యా," అన్నారు గుమాస్తాతో, ఎవరికీ వినపడకుండా.

ఫొటో గోడెక్కింది. తాత ఈసారి ఏమీ చూపించలేదు. మనవరాలే పరిగెత్తుకెళ్ళి, చట్రం నడిమధ్యన వేలు పెట్టి, "ఇదిగో తాతా, మొత్తం నువ్వే!" అంది.

గొట్టాన్ని ఇనప్పెట్టెలో, ప్రామాణిక స్కేలు పక్కన, వెల్వెట్ గుడ్డ మీద భద్రపరిచారు.

వారం తిరగకుండానే సూపరింటెండెంటు గారు రికార్డుల గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. అటూ ఇటూ చూసి, "ఏమయ్యా, ఆ లెన్సు ఇంకొకటి దొరుకుతుందా? దానికంటే కొంచెం పొడుగుది?" అన్నారు.

గుమాస్తా ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. భార్య అటక వైపు చూసి తాపీగా అంది:

"ఇద్దామండీ, దానికేం! ఈసారి చివర గొట్టాన్ని మలుపు తిప్పే ఎల్బోలు రెండు కూడా బిగించి ఇద్దాం. గొట్టం వెనక్కి తిరిగి ఆయన మొహం ఆయనకే కనిపిస్తుంది."